స్నేహ సంఘాల వల్ల ఒరిగేదేంటి?

మా టీములో ఒక చైనా ఆయన ఉండేవాడు. డేటాబేసుల పని చూసేవాడు. పేరు రాయను. ఎందుకు రాయనో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. ప్రస్తుతానికి డీబీఏ గారు అనుకుందాం. పక్కపక్క క్యూబుల్లో చాలా ఏళ్ళు కూర్చున్నాం. మొదటి ఏడేళ్ళలో మేం మాట్లాడుకున్నదంతా కలిపి రాస్తే ఒక పేజీ నిండదు. "క్వెరీ నెమ్మదిగా ఉంది" అని నేను, "ఇండెక్సు వెయ్యి" అని ఆయన. అంతే. లంచ్‌రూములో వాళ్ళ బల్ల వాళ్ళది, మన బల్ల మనది. వాళ్ళు వాళ్ళ భాషలో నవ్వుకుంటారు, మనం మన భాషలో. మైక్రోవేవ్ దగ్గర మాత్రం ఒకళ్ళ డబ్బా వాసన ఇంకొకళ్ళు భరిస్తూ మర్యాదగా తల ఊపుకుంటాం.

అలాంటిది, 2019 అక్టోబరులో ఒకరోజు ఆయన నా క్యూబు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "మీకు మినీవాన్ ఉంది కదా, శనివారం సాయంత్రం ఖాళీయేనా?" అన్నాడు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి నలభై మడత కుర్చీలు చేరవెయ్యాలట. కాదనడానికి చప్పున సాకేదీ తోచక సరేనన్నాను. అలా కుర్చీల పుణ్యమా అని అమెరికా-చైనా స్నేహ సంఘం వాళ్ళ మీటింగులో పడ్డాను.

చర్చి బేస్‌మెంటులో ఓ ముప్పై అయిదు మంది. సగానికి పైగా జుట్టు నెరిసిన తెల్లవాళ్ళు. చైనా నుంచి ఒక ఆడపిల్లని దత్తత తెచ్చుకున్న దంపతులు, పీస్ కోర్ తరఫున సిచువాన్‌లో రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పొచ్చిన ఒకాయన, పక్కనున్న యూనివర్సిటీ నుంచి వచ్చిన నలుగురైదుగురు చైనా విద్యార్థులు. నేనొక్కణ్ణే ఆ రెండు దేశాల్లో దేనికీ చెందనివాణ్ణి. పొడుగాటి బల్ల చుట్టూ చేరి అందరూ జ్యావ్‌జ చుడుతున్నారు. చూడ్డానికి బుల్లి కజ్జికాయల్లా ఉంటాయి, కాకపోతే ఆవిరి మీదో నీళ్ళలోనో ఉడికిస్తారు. (రెండోసారి మా ఆవిడ కూడా వచ్చింది. కజ్జికాయల చెయ్యి కదా, అంచులు మడిచిన తీరు చూసి అక్కడి ముసలమ్మలు చుట్టూ మూగారు. నేను చుట్టినవి మాత్రం ఉడుకుతుండగానే విడిపోయాయి.)

తిన్నాక అందరూ కుర్చీల్లో కూర్చుని ఫోటోలు చూశారు. ఒక రిటైర్డ్ స్కూలు టీచరు 1978లో చైనా వెళ్ళినప్పుడు తీసినవి. సైకిళ్ళ వరదలు, నీలం కోట్లు, బడిపిల్లల డాన్సులు. చూస్తున్నంతసేపూ నాకొకటే అనిపించింది. వీళ్ళంతా మంచివాళ్ళు, పాపం. కానీ దీనివల్ల ఒరిగేదేంటి? అవతల ట్రేడ్ వార్ నడుస్తోంది, ఇవతల వీళ్ళు కుడుములు చుట్టుకుంటున్నారు.

ఈ ప్రశ్న నన్ను చాన్నాళ్ళు పట్టుకుంది. ఇంటికొచ్చి కొంత చదివాను కూడా. తెలిసినంత చెప్తాను.

చైనాలో 1949లో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక అమెరికా దాన్ని గుర్తించలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళ పైచిలుకు మామూలు అమెరికన్ అక్కడికి వెళ్ళడానికి దారి లేదు. అది కాస్త తెరుచుకున్నది పింగ్‌పాంగ్ బల్ల దగ్గర. 1971 ఏప్రిల్‌లో జపాన్‌లోని నగోయాలో ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీలు జరుగుతున్నాయి. గ్లెన్ కోవన్ అనే అమెరికా కుర్రాడు తన బస్సు తప్పిపోయి చైనా జట్టు బస్సెక్కాడు. లోపల అందరూ బిగుసుకుపోయారు. అమెరికన్‌తో మాట్లాడితే తర్వాత ఏమవుతుందో ఎవరికి తెలుసు? కాసేపటికి వెనక సీట్లోంచి జువాంగ్ జదోంగ్ లేచొచ్చాడు. అప్పటికే మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయినవాడు. దుబాసీ సాయంతో నాలుగు మాటలు మాట్లాడి, హ్వాంగ్‌షాన్ కొండల బొమ్మ ఉన్న పట్టుబట్ట కానుకగా ఇచ్చాడు. కొద్దిరోజుల్లోనే అమెరికా జట్టుకి చైనా నుంచి ఆహ్వానం వచ్చింది. ఏప్రిల్ 10న వాళ్ళు హాంకాంగ్ వైపు నుంచి చైనాలో అడుగుపెట్టారు. జులైలో కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా బీజింగ్ వెళ్ళాడు, మరుసటి ఫిబ్రవరిలో నిక్సన్ వెళ్ళాడు. రెండు ప్రభుత్వాలూ అప్పటికే లోపల్లోపల దారులు వెతుక్కుంటున్నాయనుకోండి. కానీ జనం ముందు తలుపు తీయడానికి వాళ్ళకొక మామూలు మనిషి కావలసొచ్చాడు.

ఈ స్నేహ సంఘాలు కూడా అప్పుడే, 1971 నుంచి ఊరికొకటి చొప్పున మొదలయ్యాయి. 1974లో అవన్నీ కలిసి దేశవ్యాప్తంగా అమెరికా-చైనా ప్రజల స్నేహ సంఘం అయ్యాయి. మొదటి జాతీయ అధ్యక్షుడు విలియం హింటన్. ఈయన కథ మనవాళ్ళలో వామపక్ష సాహిత్యం చదివినవాళ్ళకి తెలిసే ఉంటుంది. 1948లో షాన్షీ రాష్ట్రంలోని ఒక పల్లెలో ఉండి, భూములు పంచడాన్ని కళ్ళారా చూసి కట్టలకొద్దీ నోట్సు రాసుకున్నాడు. 1953లో అమెరికా తిరిగొస్తే ఆ కాగితాలు పట్టుకుపోయారు. ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగి వెనక్కి తెచ్చుకుని, 1966లో 'ఫాన్‌షెన్' పుస్తకం వేశాడు. ఆయన చెల్లెలు జోన్ హింటన్ అయితే అణుబాంబు ప్రాజెక్టులో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త. చైనా వెళ్ళిపోయి, జీవితమంతా పాడిపశువుల మధ్య గడిపి, 2010లో అక్కడే పోయింది.

ఇలాంటివాళ్ళు మొదలుపెట్టిన సంఘం కాబట్టి, మొదట్లో వాళ్ళకి చైనా మీద ఉన్నది స్నేహం కంటే ఎక్కువ. ఒకరకమైన భక్తి. టూర్లు వేసుకుని వెళ్ళేవాళ్ళు. వీళ్ళకి ఏం చూపించాలో అక్కడి ప్రభుత్వమే నిర్ణయించేది. దాజాయ్ అనే కొండపల్లె చూపించేవాళ్ళు, రాళ్ళు పిండి పంట తీస్తున్నారని. వీళ్ళు వచ్చి ఇక్కడ అదే చెప్పేవాళ్ళు. 1980కల్లా ఆ లెక్కల్లో కట్టుకథలున్నాయని చైనా పత్రికలే రాశాయి. అంతకుముందు 1959-61 మధ్య కరువులో కోట్లమంది చచ్చిపోయారు. ఆ సంగతి ఈ యాత్రికులకి ఏ గైడూ చెప్పలేదు. విదేశీయుల కోసం స్నేహ దుకాణాలని ఉండేవి. పేరు స్నేహమే గానీ మామూలు చైనావాడికి అందులోకి ప్రవేశం లేదు.

ఆ టీచరుగారిని ఇంకో మీటింగులో నేనిదే అడిగాను. కాస్త మొహమాటంగానే. "మీరు 1978లో చూసిందంతా నిజమేనంటారా?" అని. ఆవిడ నొచ్చుకోలేదు. "వాళ్ళు చూపించాలనుకున్నది చూపించారు, మేం చూడాలనుకున్నది చూశాం. ఇద్దరికీ సరిపోయింది" అని నవ్వేసింది. తర్వాత కాసేపాగి, "ఆ టూర్లో మా వెంట వచ్చిన దుబాసీ అమ్మాయితో ఉత్తరాలు మాత్రం ఆగలేదు. పదేళ్ళయ్యాక ఒక ఉత్తరంలో అసలు సంగతులు రాసింది. వాళ్ళ నాన్నని ఎలా పోగొట్టుకున్నారో కూడా. నాకు చైనా గురించి తెలిసిన మొదటి నిజం అదే" అంది.

నాకా మాట అప్పుడు పెద్దగా ఎక్కలేదు. నేనింకా ఒరిగేదేంటి అనే లెక్కలోనే ఉన్నాను.

లెక్క వేస్తే నిజంగానే తేలదు మరి. మొదటి సంగతి, ఈ స్నేహానికి రెండు చివరలూ ఒకలాంటివి కావు. ఇటువైపు ఉన్నది రిటైర్డ్ టీచర్లు, మినీవాన్లు, అద్దె లేని బేస్‌మెంట్లు. అటువైపు ఉన్నది 1954లో పెట్టిన విదేశీ మైత్రి సంఘం, అంటే ప్రభుత్వం చెయ్యే. మన భాషలో చెప్పాలంటే ఒక చివర వలంటీర్లు రాసుకునే ఓపెన్ సోర్సు, ఇంకో చివర సర్కారు కంట్రోల్లో ఉన్న సర్వరు. 2020 అక్టోబరులో అమెరికా విదేశాంగ శాఖ సరిగ్గా ఈ కారణమే చెప్పి, ఆ సంఘంతో కలిసి నడిపే గవర్నర్ల వేదిక నుంచి తప్పుకుంది. ఆ అనుమానంలో అర్థం లేదని నేననను.

రెండోది మస్కటీన్ కథ. అయోవాలో మిసిసిపీ నది ఒడ్డున పాతికవేల లోపు జనాభా ఉన్న ఊరది. అయోవాకీ చైనాలోని హెబెయ్ రాష్ట్రానికీ 1983 నుంచి సోదర రాష్ట్రాల ఒప్పందం ఉంది. 1985లో పశువుల దాణా సంగతులు తెలుసుకుందామని హెబెయ్ నుంచి ఒక చిన్న బృందం వచ్చింది. అందులో 31 ఏళ్ళ కౌంటీ స్థాయి పార్టీ కార్యదర్శి ఒకాయన మస్కటీన్‌లో ఒకరింట్లో దిగాడు. కాలేజీకి వెళ్ళిపోయిన వాళ్ళబ్బాయిల గదిలో, స్టార్ ట్రెక్ బొమ్మల మధ్య పడుకున్నాడట. ఆయన షీ జిన్‌పింగ్. 2012 ఫిబ్రవరిలో ఉపాధ్యక్షుడి హోదాలో మళ్ళీ ఆ ఊరొచ్చి పాత స్నేహితులతో టీ తాగి వెళ్ళాడు. 1985లో అయోవా గవర్నరుగా ఉన్న టెర్రీ బ్రాన్‌స్టాడ్ 2017లో చైనాకి అమెరికా రాయబారి అయ్యాడు. ఇంతకంటే మంచి పరిచయాలు ఎవరికుంటాయి చెప్పండి?

మరి జరిగిందేంటి? ఆయన రాయబారిగా ఉండగానే 2018 జులైలో అమెరికా సోయాబీన్ మీద చైనా 25 శాతం సుంకం వేసింది. దెబ్బ తిన్నవాళ్ళలో ముందు వరసలో ఉన్నది అయోవా రైతులు. 2020 జులైలో హ్యూస్టన్‌లో చైనా కాన్సులేటు మూయించారు, బదులుగా చెంగ్డూలో అమెరికా కాన్సులేటు మూతపడింది. 1993 నుంచి చైనాలో పనిచేస్తున్న పీస్ కోర్, దశాబ్దాల ఫుల్‌బ్రైట్ కార్యక్రమం, రెండూ ఆ ఏడాదే ఆగిపోయాయి. ఊరంతా స్నేహితులున్నా సుంకం ఆగలేదు, రాయబారే స్నేహితుడైనా తగువు ఆగలేదు. కాబట్టి ఈ సంఘాలు దేశాల మధ్య శాంతి తెస్తాయని ఎవరైనా అంటే నమ్మకండి. నేను నమ్మను.

ఇక్కడితో ఆపేస్తే నా అభిప్రాయం 2019లో ఉన్నట్టే ఉండేది. మధ్యలో 2020 వచ్చింది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో సంఘం వాళ్ళు మాస్కులు పోగుచేసి చైనాకి పంపారు. ఏప్రిల్ కల్లా అక్కడివాళ్ళు ఇక్కడికి పంపారు. మార్చిలో ఒకరోజు కిరాణా కొట్లో డీబీఏ గారి భార్య మీద ఎవడో అరిచాడు, "నీ రోగం నీ దేశానికి పట్టుకుపో" అని. ఆవిడ ఈ దేశపు పౌరురాలు. ఆయన ఫోనులో ఆ సంగతి చాలా మామూలుగా చెప్పాడు. నాకు మండిపోయింది. ఎంత అన్యాయం, ఒక దేశం చేసిన దానికి ఒక ఆడమనిషిని నిలదియ్యడమేంటని మా వాట్సాప్ గ్రూపులో పెద్ద ఉపన్యాసం రాశాను.

జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ఘర్షణ జరిగింది. మనవాళ్ళు 20 మంది చనిపోయారు. వాళ్ళ కమాండింగ్ ఆఫీసరు కర్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట. మా అమ్మమ్మగారి ఊరు అక్కడికి దగ్గరే. మా చుట్టాలు చాలామంది ఆ ఊరేగింపు చూడ్డానికి వెళ్ళి రోడ్డు పక్కన నిలబడ్డారు. ఫోటోలు పంపారు. తెల్లవార్లూ చూస్తూ కూర్చున్నాను. మార్చిలో ఉపన్యాసం రాసిన అదే గ్రూపులో, అదే వేళ్ళతో ఏమేం ఫార్వర్డు చేశానో ఇప్పుడు చెప్పడానికి సిగ్గేస్తుంది. చైనా ప్రభుత్వాన్ని తిట్టినవి కావు అవి. ఆ జాతిని తిట్టినవి.

మర్నాడు డీబీఏ గారు చాట్లో ఏదో బ్యాకప్ గురించి అడిగాడు. "డాక్యుమెంటులో ఉంది, చూసుకోండి" అని రాశాను. మరుసటి రోజూ అంతే. వారమంతా అంతే. ఆయన ఏం చేశాడు? ఏం చెయ్యలేదు. నేను ఆ కొట్లో అరిచినవాడు చేసిన పనే చేస్తున్నాను, కాకపోతే గొంతు పెంచకుండా.

పది రోజుల తర్వాత ఆయన నుంచి ఒక మెసేజి వచ్చింది. "ఆ కర్నల్ మీ ప్రాంతం వాడని చదివాను. చిన్న పిల్లలున్నారట. చాలా బాధగా ఉంది. మా వైపు ఎవరైనా పోయారో లేదో మాకు చెప్పరు. చెప్పినా చెప్పకపోయినా వాళ్ళకీ అమ్మలుంటారు." అంతే ఉంది అందులో. నేను జవాబివ్వలేదు. ఇవ్వడం చేతకాలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. 2021 ఫిబ్రవరి 19న చైనా మొదటిసారిగా తమవాళ్ళు నలుగురు పోయారని పేర్లతో ప్రకటించింది. నేను ఆ వార్త ఊరికే చూస్తూ పోతున్నవాణ్ణి ఒకచోట ఆగిపోయాను. నలుగురిలో ఇద్దరిది హెనాన్ రాష్ట్రం. డీబీఏ గారిదీ హెనానే. ఆయన జూన్‌లో నాకు సానుభూతి రాసిన రోజున, ఆయన సొంత రాష్ట్రం కుర్రాళ్ళిద్దరు పోయి ఉన్నారు. అది ఆయనకి తెలియదు. అక్కడి జనానికీ తెలియనివ్వలేదు. ఆ సంఖ్య నిజమేనా, ఇన్నాళ్ళు ఎందుకు దాచారని అడిగిన ఒక పేరున్న చైనా బ్లాగరుకి తర్వాత 8 నెలల జైలు వేశారు. ఎవరి పేరూ రాయనని మొదట్లో అన్నాను చూడండి, అందుకు. ఆయన తల్లి ఇంకా హెనాన్‌లోనే ఉంది. ఏడాదికోసారి వెళ్ళొస్తాడు.

ఆ సాయంత్రం ఫోను చేశాను. ఏం మాట్లాడాలో తెలియక, "ఇద్దరు మీ రాష్ట్రం వాళ్ళట" అన్నాను. "ఊఁ" అన్నాడు. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. చివరికి, "జూన్‌లో మీకు జవాబివ్వలేదు. తప్పయింది" అన్నాను. "కుర్చీలు మోసినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదని మా సంఘంలో రూలుంది" అన్నాడు. అలాంటి రూలేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

టీచరుగారు చెప్పిన దుబాసీ అమ్మాయి ఉత్తరం సంగతి నాకప్పుడు అర్థమైంది. ఈ సంఘాలు దేశాల్ని కలపలేవు. దేశాలు చెప్పని నిజం మనిషికి మనిషి చెప్పుకునే ఒక దారిని మాత్రం మూసుకుపోకుండా ఉంచుతాయి. ఆ దారి గొడవ రాకముందే వేసి ఉంచాలి. వచ్చాక వెయ్యలేం. నేనా కుర్చీలు మొయ్యకపోయి ఉంటే ఆయన నాకా మెసేజి రాసేవాడు కాదు, నేనెప్పటికీ ఆ వాట్సాప్ గ్రూపులోనే ఉండిపోయేవాణ్ణి.

మనకిది కొత్త పాఠమేం కాదు. 1938లో అయిదుగురు భారతీయ డాక్టర్లు యుద్ధంలో ఉన్న చైనాకి వెళ్ళారు. వాళ్ళలో డాక్టర్ కోట్నిస్ అక్కడే పనిచేస్తూ 1942లో 32 ఏళ్ళకే పోయాడు. 1950ల్లో భాయీ భాయీ అని ఊరూరా మోగింది. 1962 యుద్ధంతో ఆ మాట వెటకారానికి తప్ప పనికిరాకుండా పోయింది. ఆ యుద్ధం తర్వాత, తరాలుగా మన దేశంలో ఉంటున్న చైనా మూలాలవాళ్ళని ఇంచుమించు మూడువేల మందిని రాజస్థాన్‌లోని దేవలీ క్యాంపులో పెట్టారు. పిల్లల్నీ ముసలివాళ్ళనీ కూడా. నినాదాలు ఇచ్చినవాళ్ళు దేశంలో లక్షలమంది ఉన్నారు. పక్కింటి చైనా కుటుంబం తలుపు తట్టినవాళ్ళు ఎందరున్నారో మనం ఊహించుకోవచ్చు.

ఇప్పుడు అమెరికా-చైనాల మధ్య ఆ దారి ఎంత సన్నబడిందో ఒక లెక్క చాలు. 2018-19లో చైనాలో చదువుకున్న అమెరికన్ విద్యార్థులు 11,600 మందికి పైనే. 2021-22 నాటికి 211 మంది. అంకె తప్పు పడలేదు, రెండువందల పదకొండే. కరోనా సరిహద్దులు ఒక కారణం, కానీ అవి తెరిచాక కూడా మునుపటి సంఖ్య దరిదాపులకి రాలేదు. 2023 నవంబరులో షీ జిన్‌పింగ్ శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చి, ఆ పాత అయోవా స్నేహితుల్ని కలిసి, అయిదేళ్ళలో 50,000 మంది అమెరికా యువతని పిలుస్తానన్నాడు. 2024 జనవరిలో మస్కటీన్ హైస్కూలు పిల్లలు వెళ్ళొచ్చారు కూడా. అది ప్రభుత్వ ప్రచారం కాదా అంటే, అవును, ప్రచారమే. 1978 టూరు కూడా ప్రచారమే. కానీ ఆ పిల్లల్లో ఒక్కడికి అక్కడొక దుబాసీ అమ్మాయి లాంటి స్నేహితురాలు దొరికితే, ప్రచారం పోయాక కూడా ఆ ఉత్తరాలు ఉంటాయి.

ఇంకొక్క మాట, ఇది మనవాళ్ళ కోసం. 2018 నుంచి 2022 దాకా అమెరికా న్యాయశాఖ చైనా ఇనిషియేటివ్ అని ఒకటి నడిపింది. రహస్యాలు దొంగిలిస్తున్నారని చైనా మూలాలున్న ప్రొఫెసర్ల మీద కేసులు పెట్టారు. ఎంఐటీ ప్రొఫెసరు గాంగ్ చెన్ మీది కేసుతో సహా కొన్ని నిలబడక వెనక్కి తీసుకున్నారు. ఆ రోజుల్లో మా లంచ్ బల్ల దగ్గర మేం అనుకున్నదేంటి? "వాళ్ళ గొడవ మనకెందుకు?" అని. 2023-24 నాటికి ఇక్కడి విదేశీ విద్యార్థుల్లో చైనావాళ్ళని దాటి మనవాళ్ళు మొదటి స్థానానికొచ్చారు, 3,31,602 మంది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజన్నారు. ఆ వారం మన ఇళ్ళల్లో ఎవరికీ నిద్ర లేదు. ఆ వారం మన గురించి మాట్లాడిన పక్కింటి అమెరికన్లు ఎంతమంది? మనకి సంఘాలకేం కొదవ లేదు. తానా మొదటి మహాసభలు 1977లోనే జరిగాయి. వేలమందిమి చేరతాం, సినిమావాళ్ళని పిలుస్తాం, భోజనాలు బ్రహ్మాండంగా ఉంటాయి. అది తప్పని నేననట్లేదు, నేనూ వెళ్తాను. కానీ మనం మనతోనే స్నేహం చేసుకోడానికి అంత ఖర్చు పెడుతున్నాం. ఆ చర్చి బేస్‌మెంటు వాళ్ళు వేరేవాళ్ళతో స్నేహానికి కుర్చీలు కూడా అప్పు తెచ్చుకుంటున్నారు.

టీచరుగారు 2022లో పోయారు. ఆవిడ సంతాప సభకి ఆ దుబాసీ అమ్మాయి, ఇప్పుడు డెబ్బైకి దగ్గర పడ్డ పెద్దావిడ, వీడియోలో వచ్చింది. డీబీఏ గారు రిటైరయ్యాడు. సంఘంలో ఇప్పుడు మీటింగుకి వచ్చేది పన్నెండు, పదిహేను మంది. యువత తక్కువ. చైనా విద్యార్థులు రావడానికి భయపడుతున్నారు, ఇటు ఎవరేం అనుకుంటారోనని, అటు ఎవరేం రాసుకుంటారోనని. పోయిన ఏడాది ఎన్నికల్లో (ఎన్నికలంటే ఎవరు వద్దనకపోతే వాళ్ళే) నన్ను సామాన్ల ఇన్‌ఛార్జిగా పెట్టారు. అమెరికా-చైనా స్నేహ సంఘంలో సూర్యాపేట వైపు మనిషికి ఏం పనయ్యా అని మా బావ నవ్వాడు. "కుర్చీలు మోసే పని" అన్నాను.

నలభై కుర్చీలు ఇప్పుడు మా గరాజులోనే ఉన్నాయి. వచ్చేది పదిహేను మందే అయినా ప్రతిసారీ నలభయ్యీ తీసుకెళ్తున్నాను. మీ పక్క సీటులో చైనా మనిషి ఉంటే ముందు ఆ పేరు సరిగ్గా పలకడం నేర్చుకోండి. నాకు డీబీఏ గారి పేరు సరిగ్గా పలకడానికి ఏడేళ్ళు పట్టింది.